వెలుగు దూరే తోలు

తోలుతో పని చేయించుకునేవాళ్ళ కోరికలు రకరకాలు. చెప్పుకు మెత్తగా ఉంటూనే అరగని తోలు కావాలి. బావిలోంచి నీళ్ళు తోడే కపిల బానకు రోజంతా నీళ్ళలో మునిగి తేలినా కుళ్ళని తోలు కావాలి. డప్పుకు సెగ చూపించగానే బిగిసి మోగే తోలు కావాలి. అవతల దీపం పెడితే ఇవతలికి వెలుగు రావాలని అడిగింది మాత్రం తోలుబొమ్మలాటవాళ్ళే. ఆ ఒక్క కోరిక తీర్చడానికి ధర్మవరం మండలం నిమ్మలకుంటలో కొన్ని కుటుంబాలు తరతరాలుగా మేకతోలును ఎలా సిద్ధం చేస్తున్నాయో చూస్తే, రాముడూ రావణుడూ అటుంచి, అసలు తోలు అంటే ఏమిటో తెలుస్తుంది. తోళ్ళ ఫ్యాక్టరీల ఉప్పునీళ్ళు పొలాలను, బావులను పాడు చేసిన సంగతి తెలిసిన ఈ రోజుల్లో ఆ తెలివికి విలువ ఇంకాస్త ఎక్కువ.

బుక్కపట్నం, కొత్తచెరువు, పెనుకొండ ప్రాంతాల పెద్దవాళ్ళకు బొమ్మలాటను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. వాన మొహం చాటేసిన ఏడు విరాటపర్వం ఆడించడం, తెల్లవార్లూ చాపల మీద కూర్చుని చూడడం, కథ బరువెక్కినప్పుడల్లా బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు వచ్చి తిట్టుకుని నవ్వించిపోవడం వాళ్ళ జ్ఞాపకాల్లో ఉన్నవే. ఆడించేవాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెర వెనక తెలుగు పద్యం పాడతారు. ఆ ఆట గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. బొమ్మకు ఒళ్ళయిన తోలు గురించి రాసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసం ఆ తోలు గురించే.

పూర్వం ఏ పాత్రకు ఏ తోలు అనే పట్టింపు ఉండేది. దేవతలకూ, పురాణ నాయకులకూ ఇర్రితోలు. తెర మీద కొట్లాటలు ఎక్కువగా ఉండే భీముడికీ, పది తలల రావణుడికీ మోటు వాడకానికి తట్టుకునే దుప్పితోలు. మిగతా అందరికీ మేకతోలు. రావణుడు ఒక్క తోలుతో తెమిలేవాడు కాదు. ఒంటికి ఒకటి, కాళ్ళకు ఒకటి, అటు చేతులకు ఒకటి, ఇటు చేతులకు ఒకటి, వెరసి కనీసం నాలుగు తోళ్ళు పట్టేవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక జాతి తోళ్ళ మాట ముగిసింది. ఇప్పుడు రాముడైనా రాక్షసుడైనా మేకే. పట్టింపు పోయిందని బాధపడేవాళ్ళు ఉన్నారు గానీ, నాకు ఆ బాధ లేదు. మా సీమలో మేకకు కరువు లేదు. మటన్ కొట్టు లేని ఊరూ లేదు. ముడిసరుకు ఇంటి పక్కనే దొరకడం ఈ పనికి ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

పని వేడినీళ్ళతో మొదలవుతుంది. కొట్టు నుంచి వచ్చిన తోలుకు ఒకవైపు వెంట్రుక, ఇంకోవైపు కండ, కొవ్వు, సన్నని పొరలు అంటుకుని ఉంటాయి. వేడినీళ్ళలో నానితే వెంట్రుక కుదురు వదులవుతుంది. తర్వాత తోలును పరిచి కత్తితో గీకుతారు. చెప్పడానికి రెండు వాక్యాలే. కానీ పనివాడి లెక్కంతా ఆ నీళ్ళ వేడిలోనే ఉంది. తోలులో అసలు సరుకు కొలాజెన్ అనే ప్రొటీను. అది పోగులు పోగులుగా అల్లుకుని ఉంటుంది. తడిగా ఉన్న పచ్చితోలుకు 60, 65 డిగ్రీల వేడి తగిలేసరికి ఆ పోగులు ఒక్కసారిగా ముడుచుకుపోతాయి. తోలు కుంచించుకుపోయి సాగే ముద్దలా మిగులుతుంది. ఇంకా కాగిస్తే కరిగి బంక అవుతుంది. వడ్రంగులు వాడే సరేసు అలా పుట్టిందే. నీళ్ళు మరీ చల్లగా ఉంటే వెంట్రుక కదలదు. మొండిగా గీకితే కత్తి తోలులోకి దిగి గాటు పడుతుంది. వెంట్రుక ఊడాలి, తోలు ముడుచుకోకూడదు. ఆ రెండింటి మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. ప్రయోగశాలలో అయితే థర్మామీటరు వేలాడదీస్తారు. ఇక్కడ ఆ పని చెయ్యి చేస్తుంది.

ఫ్యాక్టరీలో ఇదే పనికి సున్నం, సోడియం సల్ఫైడ్ వాడతారు. వెంట్రుక కరిగి జావలా నీళ్ళలో కలిసిపోతుంది. వేల తోళ్ళు ఒకేసారి తేల్చాలంటే అంతకంటే దారి లేదు కాబోలు. కత్తితో గీకిన వెంట్రుక మాత్రం వెంట్రుకగానే నేల మీద పడుతుంది. దాన్ని ఊడ్చి ఎత్తిపోయవచ్చు. మురికి నీళ్ళలో కరగకముందే చేతికి దొరకడం ఎంత పెద్ద సౌకర్యమో మురుగుశుద్ధి కేంద్రాలు నడిపే ఇంజినీర్లను అడిగితే చెబుతారు.

లోపలివైపు గీకడం ఇంకా నిదానమైన పని. కొవ్వు కాస్త మిగిలినా ఆ చోట తర్వాత రంగు పట్టదు. మచ్చ తేలుతుంది. పైగా తోలంతా ఒకే మందంలో ఉండదు. వెన్నుపూస మీద, మెడ దగ్గర మందంగా ఉంటుంది. పొట్ట దగ్గర పలచగా, వదులుగా ఉంటుంది. కత్తి అంతటా ఒకే ఒత్తిడితో నడిస్తే పొట్ట దగ్గర చిల్లి పడుతుంది, వెన్ను దగ్గర దళసరిగా మిగులుతుంది. తెర మీద ఆ దళసరి చోటు నీడలా నల్లగా కనిపిస్తుంది. అందుకే చెయ్యి తోలును బట్టి బరువు మార్చుకుంటూ పోవాలి. ఎంత గీకితే చాలో చూసుకోవడానికి పనివాడికి ఒకటే పరీక్ష: తోలును ఎత్తి వెలుగుకు ఎదురుగా పట్టుకోవడం.

తర్వాత తోలును నాలుగువైపులా లాగి, మేకులతో బిగించి ఎండబెడతారు. అసలు రహస్యం ఇక్కడే ఉంది. పచ్చితోలులో సగానికి మించి నీళ్ళే. వదిలేసి ఎండబెడితే నీరు ఆవిరయ్యేకొద్దీ తోలు ముడతలు పడి, ముడుచుకుని గట్టిపడుతుంది. లాగి బిగించి ఎండబెడితే ముడుచుకోవడానికి చోటు ఉండదు. పోగులన్నీ సాగి, తోలు వాలు వెంట పొరలు పొరలుగా పడుకుంటాయి. ఒకదానికొకటి అతుక్కుంటాయి. మధ్యలో గాలికి చోటు తగ్గిపోతుంది. పోగుకూ గాలికీ మధ్య హద్దులు ఎన్ని ఎక్కువగా ఉంటే వెలుగు అన్నిచోట్ల చెదిరిపోతుంది. హద్దులు తగ్గితే అవతలికి దాటుతుంది. నూనె పడిన కాగితం వెలుగును దాటనిచ్చేది కూడా ఇదే కారణంతో. లాగి ఎండబెట్టిన మేకతోలు లేత తేనెరంగు అద్దంలా తయారవుతుంది. ఐరోపాలో మధ్యయుగాల్లో పుస్తకాలు రాసుకున్న పార్చ్‌మెంటు కూడా ఇదే కుటుంబానికి చెందింది. అక్కడి మఠాల్లో అక్షరం నిలవడానికి తోలును లాగి ఎండబెట్టారు. మనవాళ్ళు అక్షరం రాయని కథను తెర మీద నడిపించడానికి లాగి ఎండబెట్టారు.

ఇందులో జరగనిది ఒకటుంది. తోలును పదును చేయరు.

పదును చేయడమంటే పోగులకు ఏదో ఒక మందు పట్టించి, అవి ఎండినా అతుక్కోకుండా, తడిసినా కుళ్ళకుండా చేయడం. మన ఊళ్ళలో మాదిగలు లందల్లో తంగేడు చెక్క రసంలో తోళ్ళను నానబెట్టి చేసింది అదే పని. ఆ పనితనం కూడా చిన్నది కాదు. కపిల బావి కింద పంటలన్నీ ఆ తోలుకే రుణపడ్డాయి. దాని మీద ఇలాంటి వ్యాసం ఒకటి ఎవరైనా రాయాలి. ఫ్యాక్టరీలు ఇప్పుడు ఎక్కువగా క్రోమియం లవణాలు వాడతాయి. క్రోమియం పట్టిన తోలు మరిగే నీళ్ళలో వేసినా ముడుచుకోదు. బూటుకు, బెల్టుకు, కుర్చీకి అదే కావాలి. కానీ పదును పడగానే పోగులు విడివిడిగా నిలబడతాయి, మధ్యలో గాలి చేరుతుంది, తోలు మెత్తబడుతుంది, వెలుగు ఆగిపోతుంది. నీళ్ళను తట్టుకునే గుణం, వెలుగును దాటించే గుణం ఒకే తోలుకు రెండూ రావడం కష్టం. బొమ్మలాటవాళ్ళు రెండోదాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపికతోనే వాళ్ళకు తెలియకుండా ఇంకో పెద్ద బెడద కూడా చాలావరకు తప్పింది.

ఆ బెడద ఉప్పు.

మేకను కోసిన కొన్ని గంటల్లోనే తోలులో సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. మన ఎండలకు ఇంకా తొందరగా. తోలు కోసిన చోటు ఒకటి, మండీ ఒకటి, ఫ్యాక్టరీ వేరే రాష్ట్రంలో. ఈ ప్రయాణానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి. అందాకా కుళ్ళకుండా ఉండాలంటే చవకగా దొరికేది ఉప్పు. తోలు బరువులో 40 శాతం, అంతకు మించి కూడా రాయి ఉప్పు పరుస్తారు. టన్ను తోళ్ళకు నాలుగు బస్తాలు కాదు, నాలుగు క్వింటాళ్ళు. ఆ ఉప్పు తోలులోని నీటిని లాగేస్తుంది, సూక్ష్మజీవులు ఆగిపోతాయి. అంతవరకు మంచిదే. ఫ్యాక్టరీకి చేరాక మొదటి పని ఆ ఉప్పునంతా నీళ్ళలో నానబెట్టి వదిలించుకోవడం. అంటే ఆ ఉప్పుతో తోలుకు ఒరిగేదేమీ లేదు. దారిలో గడిచిన రోజులకు కట్టిన సుంకం అది. నానబెట్టిన నీళ్ళు కొన్నిచోట్ల సముద్రపు నీటంత ఉప్పగా ఉంటాయి. లీటరుకు 30, 40 గ్రాముల దాకా లవణాలు.

అంతటితో ఆగదు. క్రోమియం పట్టించే ముందు తోలును ఆమ్లంలో ముంచాలి. ఉత్త ఆమ్లంలో ముంచితే తోలు ఉబ్బి పాడవుతుంది. ఉబ్బకుండా మళ్ళీ ఉప్పు, తోలు బరువులో 8 నుంచి 10 శాతం. అదీ చివరికి మురుగులోకే.

మిగతా మురికికి మందు ఉంది. వెంట్రుకను, కొవ్వును, ప్రొటీన్లను బ్యాక్టీరియా తినేస్తుంది. క్రోమియంను అడుగుకు దించి తీయవచ్చు. ఉప్పును ఏ జీవీ తినదు, ఏ మందుకూ అది అడుగుకు దిగదు. మామూలు శుద్ధి కేంద్రంలోకి ఎంత ఉప్పు పోతుందో అంతా బయటికి వస్తుంది. వడపోత పొరల గుండా నీటిని తోసి, మిగిలినదాన్ని ఆవిరి చేసి ఉప్పును వేరు చేయవచ్చు. తమిళనాడులో చుక్క నీరు బయటికి వదలకూడదన్న నియమం కింద ఇప్పుడు చేస్తున్నది అదే. కరెంటు బాగా ఖర్చవుతుంది. చివరికి మిగిలే ఉప్పు రకరకాల లవణాల కలగాపులగం. వంటకు పనికిరాదు, ఇంకో ఫ్యాక్టరీకీ సులభంగా పనికిరాదు. గుట్టలుగా పేర్చి, వాన తగలకుండా కప్పి పెట్టుకోవాల్సిందే.

ఈ బాధ మనకు దూరంది కాదు. నంది కొండల చుట్టుపక్కల నుంచి నదులు నాలుగు దిక్కులా పారతాయి. చిత్రావతి ఉత్తరానికి వచ్చి మా బుక్కపట్నం చెరువు నింపి, ధర్మవరం మీదుగా పోయి పెన్నలో కలుస్తుంది. పాలారు దక్షిణానికి తిరిగి, కుప్పం దాటి తమిళనాడులోకి దిగి వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట మీదుగా పోతుంది. ఒకే కొండల నీళ్ళు. పాలారు ఒడ్డున వందల తోళ్ళ ఫ్యాక్టరీలు వెలిశాయి. వాటి మీద వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన పర్యావరణ చట్టానికి మూలస్తంభం. పాడు చేసినవాడే నష్టం భరించాలన్న సూత్రాన్ని మన చట్టంలో భాగంగా నిలబెట్టింది ఆ తీర్పే. అందులో ఒక లెక్క ఉంది. ఆ ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతో, పూర్తిగానో సాగుకు పనికిరాకుండా పోయిందని. ఇంకో లెక్క, కిలో తోలు తయారీకి 35 లీటర్ల నీళ్ళని. ఏటా వాన కోసం ఆకాశం వైపు చూసే మా సీమ రైతుకు ఈ రెండో లెక్క చదివితే నోట మాట రాదు.

తోలు శాస్త్రంలో తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పేరు ఒకటుంది. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధనా సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరు. కులం పేరుతో ఊరవతలకు నెట్టిన పనిని శాస్త్రంగా నిలబెట్టి, ఊరిలోని తోలు పనివాడికి ప్రయోగశాలను చేరువ చేయాలని తపించినవాడు. 1985లో కనిష్క విమానం కూలినప్పుడు పోయాడు. ఆ సంస్థలో తర్వాతివాళ్ళు ఉప్పు సంగతి గట్టిగానే పట్టుకున్నారు. నానబెట్టే ముందు తోళ్ళను విదిలించి, తిప్పి, రాలిన ఉప్పును పొడిగానే ఏరుకోవడం ఒక దారి. చెప్పుకోవడానికి సిగ్గుపడేంత సాదా ఉపాయం. కానీ నీళ్ళలో కరగకముందు పట్టుకున్న ఉప్పే నిజంగా పట్టుకున్న ఉప్పు. ఉప్పు పాలు బాగా తగ్గించి బోరిక్ ఆమ్లం లాంటివి జోడించి నిలవ చేయడం ఇంకో దారి. ఆమ్లపు స్నానం, దానితో పాటు ఆ ఉప్పు కూడా అక్కర్లేకుండా క్రోమియం పట్టించే నీరులేని పద్ధతి మరొకటి. అన్నిటికంటే సూటి దారి తోలును చల్లబరిచి, లేదా కోసిన చోటుకు దగ్గరలోనే ఫ్యాక్టరీ పెట్టి, ఉప్పు పడకముందే పనిలోకి దించడం.

ఆ చివరి దారి చదివినప్పుడల్లా నాకు నిమ్మలకుంటే గుర్తొస్తుంది. పక్క ఊళ్ళో కోసిన మేక తోలు ఆ పూటే వేడినీళ్ళలో పడితే ఉప్పు అవసరమే రాదు. దూరపు మండీ నుంచి ఉప్పు పట్టిన తోలు కొనుక్కోవాల్సి వస్తే ఆ ఉప్పు ఇక్కడా నీళ్ళలోకే పోతుంది. ఆ తేడాను దాచక్కర్లేదు. కానీ పదును, ఆమ్లం, క్రోమియం లేని పని కాబట్టి రెండో ఉప్పు అసలు ఉండదు. తోలును కుళ్ళనివ్వని మందు ఇక్కడ ఎండే. మా సీమలో దానికి కొదవా?

ఇంతవరకు తోలు సిద్ధమైంది. ఇక వెలుగును ఎక్కడ ఎంత వదలాలన్నది ఉలి పని. ముందు కలంతో గీత. ముక్కు కొస, కంటి చాపు, కిరీటం అంచు. బొమ్మ నిలువెత్తున ఉన్నా గీత మాత్రం లేపాక్షి పైకప్పు చిత్రాల్లోలా తెగకుండా, తొణకకుండా సాగుతుంది. చీరల అంచులు, తలపాగాలు చూస్తే ఆ చుట్టరికం ఇంకా బాగా తెలుస్తుంది. తర్వాత తోలును చెక్క మీద పరిచి ఉలుల వరసతో చిల్లులు కొడతారు. గుండ్రటి మూతి ఒకటి, నెలవంక మూతి ఒకటి, చుక్క మూతి ఒకటి. వీటి కలయికతోనే హారం, వడ్డాణం, దండకడియం, పూలజడ అన్నీ పుడతాయి. చిల్లి పడిన చోట తోలు లేదు. అక్కడ దీపపు తెల్లని వెలుగు నేరుగా తెర మీద పడుతుంది. అందుకే బొమ్మకు నగలు తోలు మీద ఉండవు. తోలు తీసేసిన చోట ఉంటాయి. పనివాడు నగ గీయడు, నగ మేరకు తోలును తప్పిస్తాడు. రెండు చిల్లుల మధ్య మిగిలే తోలు వెంట్రుకవాసి తగ్గినా ఆట మధ్యలో తెగుతుంది, ఎక్కువైతే హారం మందంగా, మోటుగా కనిపిస్తుంది. బాగా చేసిన బొమ్మలో ఆ మధ్యదూరం మెడ దగ్గర నుంచి పాదం దాకా మారదు. సరిగ్గా చూస్తే అక్కడే చెయ్యి తిరిగిన పనివాడూ నేర్చుకునేవాడూ వేరుపడతారు. కావాలంటే ఒక బొమ్మ నడుము దగ్గరి చిల్లుల వరసను వేలితో నెమ్మదిగా తడిమి చూడండి.

రంగు వేయడంలోనూ ఇదే తర్కం. మామూలు పెయింటు వేస్తే తోలు మీద మందమైన పొర కట్టి వెలుగును ఆపేస్తుంది. ఇక్కడ తోలులోకి ఇంకిపోయే రంగులే వాడతారు. ఒకప్పుడు ఆకుల, చెక్కల రంగులు, ఇప్పుడు ఎక్కువగా రంగు సిరాలు. పదును చేయని కొలాజెన్ రంగును బాగా పీల్చుకుంటుంది. తెర మీద ఎరుపు పూత పూసినట్టు కనిపించదు, ఎర్రటి గాజులోంచి వచ్చినట్టు కనిపిస్తుంది. రెండువైపులా వేస్తారు. ఒకవైపు మాత్రమే వేస్తే బొమ్మ అటు తిరిగినప్పుడు రంగు వెలవెలపోతుంది. నలుపు ఒక్కటే వెలుగును పూర్తిగా ఆపుతుంది. అందుకని నలుపును గీతకు, కంటికి, జుట్టుకు మాత్రమే కేటాయించి పొదుపుగా వాడతారు. నలుపును ఇంత లెక్కగా వాడే చిత్రకారులు కాన్వాసు వేసేవాళ్ళలో కూడా తక్కువే.

చివరికి కీళ్ళు. భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు విడివిడి ముక్కలు. దారంతో ముడేసి కలుపుతారు. ముడి బిగుసుకుపోతే చెయ్యి ఆడదు, వదులైతే వేలాడుతుంది. వెన్ను పొడవునా చీల్చిన కర్ర. చేతులకు సన్నని పుల్లలు. తెర వెనక మనిషి వేళ్ళ కదలిక తెర ముందు హనుమంతుడి గంతుగా మారాలంటే ఈ ముడులు సరిగ్గా ఉండాలి. ఇక్కడ ఇంకా చెప్పవచ్చు గానీ, ముడి సంగతి చూసి తెలుసుకోవాల్సిందే తప్ప రాసి చెప్పడం కష్టం.

ఈ తోలుకు బలహీనతలు లేవని చెప్పడం అబద్ధం. పచ్చితోలుకు నీళ్ళు పగ. తడిస్తే మెత్తబడి, వంకర్లు పోయి, మళ్ళీ కుళ్ళడానికి సిద్ధపడుతుంది. గాలిలో తేమ పెరిగితే అంచులు ముడుచుకుంటాయి. అందుకే బొమ్మలను పరిచి, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టెల్లో దాచుకుంటారు. ఇదే తోలుతో బూట్లు కుట్టలేం, కారు సీటు కుట్టలేం. కాబట్టి నిమ్మలకుంటను చూపించి వాణియంబాడి ఫ్యాక్టరీలన్నీ ఇలా మారాలని చెప్పేవాడు తోలునూ ఎరగడు, వ్యాపారాన్నీ ఎరగడు. నిమ్మలకుంట చూపించేది వేరే. ఏ వస్తువుకు ఏ గుణం కావాలో ముందు తేల్చుకుని, దానికి అవసరమైనంత పనే తోలుకు చేయాలని. దీపం ముందు నిలబడే వస్తువును నీళ్ళలో నిలబడేలా చేయక్కర్లేదు. మార్కెట్లో మనం కొనే తోలు వస్తువుల్లో ఎన్నింటికి ఆ రసాయనాలన్నీ నిజంగా అవసరమో ఎవరూ లెక్క వేసినట్టు లేదు.

ఆట తగ్గింది. సినిమా, టీవీ వచ్చాక తెల్లవార్లూ కూర్చునే జనం పలచబడ్డారు. అదే తోలుతో, అదే ఉలితో దీపాల తొడుగులు, గోడబొమ్మలు, తలుపుకు వేలాడే చిలకలు చేస్తూ కుటుంబాలు నిలదొక్కుకున్నాయి. కొందరు పెద్దలకు ఇది కళ దిగజారడంలా అనిపిస్తుంది. నాకలా అనిపించదు. దీపం చుట్టూ బిగించిన తోలు తొడుగు చేసేది బొమ్మ చేసిన పనే, వెలుగును దాటించడమే. కథ లేదు, నిజమే. పనితనం మాత్రం చెక్కుచెదరలేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒక చిన్న ఊరికి ఈ రెండూ చిన్న విషయాలు కావు. పద్మశ్రీ వచ్చినవేళ జిల్లా పత్రికలన్నీ బొమ్మల గురించి రాశాయి. తోలు సిద్ధం చేసే పనిని నేర్చుకుంటున్న పిల్లలు ఎందరున్నారన్న ప్రశ్న అడిగినవి తక్కువ. గీతను, రంగును బడిలో నేర్పవచ్చు. నీళ్ళ వేడి, కత్తి బరువు పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవి. ఆ కూర్చోబెట్టడానికి జీతమిచ్చే పథకం ఏదైనా సర్కారు పెడితే, ఇచ్చే అవార్డు కంటే అది ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ తోలు వస్తువు కొనాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. ముందు దీపానికి ఎదురుగా ఎత్తి చూడండి. అసలు మేకతోలైతే రంగు లోపలినుంచి వెలుగుతుంది. వెన్ను వెంట కాస్త ముదురుగా, అంచుల్లో లేతగా కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కూ కాగితానికీ ఆ ముదురు లేత తేడా ఉండదు. తొడుగు లోపల పాతకాలపు వేడి బల్బు పెట్టకండి, ఎల్ఈడీ పెట్టండి. తడిగుడ్డతో తుడవకండి, పొడి కుంచెతో దులపండి. వానాకాలంలో కిటికీ పక్కన వేలాడదీయకండి. వీలైతే పట్నంలో ఎగ్జిబిషన్ దుకాణం దగ్గర బేరమాడే బదులు ధర్మవరం దాకా వచ్చి, నిమ్మలకుంటలో చేసినవాళ్ళ చేతినుంచే కొనండి.